ఆకుపచ్చ బిళ్ళ మీద నా బొట్టు

పోయిన వారం కథ ఆపినప్పుడు కురుమయ్యను మా మెట్ల మీద నిలబెట్టి వదిలేసిన. పాపం, ఇంకా అట్లనే నిలబడి ఉన్నడు. అంగీ గుండీలు మెడ దాక పెట్టుకొని, ఎడమ చెయ్యి ఛాతి మీద ఆన్చుకొని, "అవ్వా, జర కొబ్బరినూనె ఉంటదా?" అని అడుగుతున్నడు. దసరా పోయినా ఎండ పోలేదు. గల్లీ కుక్కలు మోరీ గట్టున నీడ చూసుకొని పండుకున్న మధ్యాహ్నం. అంత ఉక్కల మెడ దాక గుండీలు పెట్టుకున్నోడు ఏదో దాస్తున్నడని చెప్పనీకి చదువు కావాల్నా?

కొత్తగ చదివేటోళ్ళ కోసం జర వెనుకకు పోయి చెప్త. మాది అశోక్‌నగర్‌ల పాత ఇల్లు. కింద నేను, నా మనుమరాలు భాగ్యశ్రీ. పక్కర్రల కురుమయ్య కిరాయికి ఉంటడు. వనపర్తి దిక్కు పిలగాడు. సర్కారు నౌకరీ పరీక్షలకు చదువుతడు. పొద్దున పోతే దీపాలు పెట్టేదాక చిక్కడపల్లి లైబ్రరీలనే. మీద రేకుల అర్ర ఉన్నది. ఆ అర్రలనే మా భాగ్యశ్రీ 'మొదటిమెట్టు' పెట్టింది. రోబోలు చేసే జట్టు. ఇంజనీరింగుల చేరి, స్క్రూడ్రైవర్ ఏ దిక్కు పట్టాల్నో సుత తెల్వని పిల్లలు వస్తరు, వాళ్ళకు మొదటి నుంచి నేర్పుతది.

"పని వచ్చినోళ్ళను తీసుకునే టీములు మస్తున్నయి నానమ్మా. రానోళ్ళను తీసుకునేది ఒక్కటి లేదు" అన్నది.

ఆ మాటకే నేను అర్ర తాళంచెవి చేతిల పెట్టిన. రానోళ్ళను తీసుకునే జాగ నా చిన్నప్పుడు ఒక్కటున్నా, నేను సుత రెండో తరగతి దాటుదునేమో.

ఇగ నారాయణగూడల ట్రైనింగ్ సెంటర్ నడిపే జగదీశ్వర్ సారు సంగతి. జట్టు పెట్టిన కొత్తల తనే వెతుక్కుంట వచ్చిండు. నా కాళ్ళకు మొక్కిండు. సామాన్లన్నీ నేనిస్తనన్నడు. పిల్లల చేతులు కుదిరేదాక ప్రాక్టీసు పీసులు చెయ్యాలె, చెడిపోతే చెడిపోనీ, అవి ఎట్లాగూ తుక్కుకే పోతయన్నడు. ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క పని. ఒకతె తీగ చుట్టాలె, ఒకడు బ్యాటరీకి టంకం వెయ్యాలె, ఇంకొకడు పెసరగింజంత ముక్కకు వెంట్రుకంత తీగ అతకాలె. మొత్తం కలిపితే ఏమైతదో ఎవరికీ చూపెట్టలేదు. "మొదట్ల అంతా తెలిస్తే భయపడ్తరు" అన్నడు. నాకు అది సుత మంచిమాట లెక్కనే అనిపించింది.

మొన్న నవమి నాడు ఆయుధపూజకు సామాన్లన్నీ కిందికి తెమ్మన్న. పిల్లలు అన్నీ తెచ్చిండ్రు. ప్రాక్టీసు పీసులు వేసే తుక్కు డబ్బ మాత్రం మూలకే పెట్టి వచ్చిండ్రు. "అదేం పాపం చేసింది? మీ చేతులకు పని నేర్పింది అదే కద. అది అలుగుతది, తీస్కరాండ్రి" అన్న. డబ్బ తెచ్చి తెరిస్తే లోపల అన్నీ ఆకుపచ్చ బిళ్ళలు, అగ్గిపెట్టె కన్న జర చిన్నయి. ఒక్కదాన్ని విడువకుండ తడి పసుపు రాసి, నడుమ కుంకుమ పెట్టిన.

ఇగ మెట్ల కాడికి పోదాం.

* * *

"నూనె తర్వాత ఇస్త గని, ముందు ఆ అంగీ విప్పు" అన్న.

"ఏం లేదవ్వా. జర చాయ్ పడ్డది."

"విప్పురా!"

విప్పిండు. ఛాతి మీద, ఎడమ దిక్కు, తోలు ఊడి ఎర్రగ తడి తడిగ ఉన్నది.

"చాయ్ పడ్డదా?"

"ఆఁ."

"చాయ్ పడితే చదరంగ కాలుతదా? నాలుగు మూలలు సుత మంచిగ కుదిరినయి కదరా."

"మా దోస్తుగాని బండి సైలెన్సర్ తగిలిందవ్వా."

"సైలెన్సర్‌ను ఎవడన్న గుండెకు హత్తుకుంటడా? అదేమన్న నీ పెండ్లామా?"

ఆ మాటకు నవ్వవోయి ఏడ్చిండు. గడ్డం మీసం ఉన్న మనిషి, నా కొడుకంత ఎత్తుంటడు, మెట్టు మీద కూలబడి మోకాళ్ళల్ల మొకం పెట్టుకున్నడు. నేను కుండల నీళ్ళు తెచ్చి ఆ గాయం మీద మెల్లమెల్లగ పోసిన. నీళ్ళు తగిలినప్పుడల్లా పండ్లు కొరుకుతున్నడు గని నోరు తెరువడు. ఒర్రకుండ ఉండుడు ఇయ్యాల్నే నేర్చుకున్నట్టు ఉన్నడు.

జర సేపటికి తనే సంచిలకెల్లి ఒక బనీను తీసిండు. బనీనుకు లోపలి దిక్కు జేబు కుట్టి ఉన్నది. జేబు చుట్టూ నల్లగ మాడిపోయింది. అండ్లకెల్లి ఒక బిళ్ళ తీసి నా చేతిల పెట్టిండు.

ఆకుపచ్చ బిళ్ళ. ఒక అంచు కాలి బొగ్గయింది. మీద పసుపు గీత, నడుమ కుంకుమ.

నా ఉంగరం వేలు చిన్నప్పుడే రోకలి కింద పడి వంకర పోయింది. నేను పెట్టిన బొట్టు గుండ్రంగ రాదు. నువ్వుగింజ లెక్క ఒక పక్కకు వాలుతది. మా ఇంట్ల దేవుని పటాలను చూసినోళ్ళందరికీ ఎరుకే. ఈ బిళ్ళ మీద బొట్టు గట్లనే వాలి ఉన్నది.

"ఇది నీకెట్ల వచ్చింది కురుమయ్యా?"

"పేరు చెప్పొద్దన్నరు."

"పేరు నేను అడుగలే. ఎట్ల వచ్చిందని అడిగిన."

అప్పుడు చెప్పిండు. ఆదివారం పెద్ద పరీక్ష. బనీను జేబుల ఈ బిళ్ళ, మెడ చుట్టు తీగ, చెవిల పెసరగింజంత ముక్క. బయట కూసున్నోడు ఫోన్ల జవాబులు చదువుతడు. లోపల వీడు ఇనుకుంట రాస్తడు. అయితే అలవాటు లేనోడు చెవిల చెయ్యి పెట్టుకుంటడు, ఛాతి గోక్కుంటడు, దొరికిపోతడు. అందుకని ముందుగాల ట్రైనింగ్ ఇస్తరట. "లైబ్రరీల పెట్టుకొని కూసో. అంత మంది నడుమ ఎవ్వనికీ అనుమానం రాకపోతే పరీక్ష హాల్ల సుత రాదు" అన్నరట.

మీద మా పిల్లలకు మొదటి మెట్టు. కింద వీళ్ళకు ఇంకో మొదటి మెట్టు. ఇద్దరికీ నేర్పేటోడు ఒక్కడే అని నాకు అప్పుడే తెలిసింది. పేరు చెప్పక్కర లేకపోయింది.

"పొద్దున మంచిగనే ఉండె అవ్వా. ఫ్యాను నా మీదికి రాదు, చెమట పట్టింది. ముందు ఎచ్చగయింది. తర్వాత సుర్రుమన్నది. పక్కన అందరు చదువుకుంటున్నరు, పేజీ తిప్పినా ఇనబడ్తది. ఒర్రితే అందరు చూస్తరు. లేద్దామంటే కాళ్ళు వస్తలేవు. ముంగట పుస్తకంల ఒకటే లైను మళ్ళ మళ్ళ చదువుకుంట కూసున్న. నా తోలు కాలిన వాసన నాకే వస్తున్నది. పక్కాయనకు సుత వచ్చింది. బయట మిర్చి బండి కాడ ఏదో మాడుతుందని పోయి కిటికీ మూసిండు."

"ఎందుకురా, గింత కర్మ?"

"ఇంకో నోటిఫికేషన్ ఎప్పుడొస్తదవ్వా? ఉద్యమమని ఒక దినం బంద్, ఒక దినం రాస్తారోకో. అది వచ్చేటాళ్ళకు నా వయసు దాటిపోతది. ఇదే ఆఖరు."

ఆ బిళ్ళను కొంగుల ముడేసుకొని మీదికి పోయిన.

* * *

రేకుల అర్రల పిల్లలు సంబురం మీద ఉన్నరు. నేల మీద నల్ల టేపు గుండ్రంగ అంటించి, దాని మీద చిన్న బండిని వదిలిండ్రు. బండి నల్లగీతను వాసన పట్టినట్టు పోతున్నది, ఎక్కడా దాటుతలేదు. గోడకు కోలాటం కర్రలు ఆన్చినట్టు టంకం పెన్నులు వరుసగ ఆన్చి ఉన్నయి. ప్రతి పిల్ల వేళ్ళ మీద కాలిన మచ్చలు. ఆ మచ్చలు చూసి ఇన్నొద్దులు నాకు మురిపెం అనిపించేది.

"అమ్మమ్మగారూ, చూశారా! నేను వైరింగ్ చేసిన బండే!" అని పల్లవి ఎగిరింది. గాంధీనగర్‌ల ఉంటరు, వాళ్ళ తాతలు కృష్ణా జిల్లా నుంచి వచ్చిండ్రు. అందరికన్న చిన్నది, అందరికన్న సాఫుగ టంకం వేసేది. "అన్నయ్యకి చూపిద్దామంటే రానంటున్నాడండీ. ఆదివారం పరీక్షట, గది తలుపేసుకుని కూర్చున్నాడు. మన సారే వాడికి కోచింగ్ ఇస్తున్నారు కదా, అదీ ఊరికే!"

ఆ మాట నా చెవిల పడ్డది గని మనసుల పడలే. నా మనసంత కొంగు ముడిల ఉన్నది. భాగ్యశ్రీ చెయ్యి పట్టుకొని నీళ్ళ ట్యాంకు కాడికి గుంజుకపోయిన.

ముడి విప్పి చూపెట్టిన. చెప్పాల్సింది చెప్పిన.

"ఇవి తుక్కుకు పోయినయన్నడు నానమ్మా. సారే స్వయంగా బండి మీద పెట్టుకొని పోయిండు."

"ఇది ఏందో నీకు నిజంగ తెల్వదా బిడ్డా? నా కండ్లల్లకు చూసి చెప్పు."

చూసింది. "ఒక్కొక్క ముక్క తెలుసు. కలిపి చూడలే. కలిపి చూడాలన్న ఆలోచనే రాలే. చెయ్యి కుదురుతుందా లేదా అనే చూసిన." బిళ్ళను తిప్పి తిప్పి చూసింది, కాలిన అంచు కాడ గోరు పెట్టి ఆగిపోయింది. "నానమ్మా... నువ్వు బొట్టు పెట్టింది బ్యాటరీ తీగలు అతికిన జాగల. ఆరి ఉంటే ఏం కాదు. చెమటకు తడిసిందంటే కరెంటు ఈ తీగ నుంచి ఆ తీగకు అడ్డంగ దుంకుతది. బ్యాటరీ నిప్పయితది."

"అన్నిటికీ అక్కడనే పెట్టిన బిడ్డా. అక్కడనే జర ఖాళీ ఉండె."

కింద గేటు చప్పుడయింది.

* * *

జగదీశ్వర్ సారు మెట్లెక్కుతున్నడు. చేతిల మిర్చి బజ్జీల పొట్లం, పేపరుకు నూనె దిగింది. తెల్లటి అంగీ, ఇస్త్రీ నలుగలే.

"అమ్మా, బాగున్నరా? మోకాళ్ళ నొప్పులు తగ్గినయా? పిల్లలకు వేడి వేడిగ తెచ్చిన."

నేను చెయ్యి చాపి అరచెయ్యి తెరిచిన. అండ్ల బిళ్ళ.

ఒక్క రెప్పపాటు ఆగిండు. అంతే. పొట్లం ట్యాంకు మీద పెట్టి, నా చేతిల బిళ్ళ తీసుకొని, ఎండకు పట్టి చూసిండు.

"ఎక్కడిది?"

"మెట్ల మీద దొరికింది."

"కురుమయ్యది. ఏందో తప్పుగ పెట్టి కాల్చుకున్నడు, భయపడి పారేసినట్టున్నడు. ఊరోళ్ళకు గుండె ఉండదమ్మా." నవ్వి బొట్టును బొటనవేలుతో నిమిరిండు. "అయినా మీరు చేసిన మేలు మర్చిపోను. ఇవి అమ్మవారి ముందు పెట్టినవి, పెద్దముత్తైదువ బొట్టు పెట్టింది, మీకు తిరుగు లేదు అని చెప్పిన. చెరిపితే అపశకునం అన్న. ఒక్కడు సుత చెరుపలేదు. కండ్లకు అద్దుకొని మరీ తొడుక్కున్నరు."

ఎండల నిలబడ్డ నాకు చలి పుట్టింది.

"ఎంతమంది తొడుక్కున్నరు సారూ?" అని భాగ్యశ్రీ అడిగింది.

"నీకెందుకమ్మా లెక్కలు? నువ్వు నేర్పు, వాళ్ళు నేర్చుకుంటరు. శనివారానికి ఇంకో డబ్బ కావాలె."

"నేను చెయ్యనియ్య. పోలీసులకు చెప్త."

సారుకు కోపం రాలే. వస్తే నాకు ఇంత భయం కాకపోయేది. రెండు చేతులు ముంగటికి చాపి, ఇటు తిప్పి అటు తిప్పి చూపెట్టిండు. పెండ్లికొడుకు చేతుల లెక్క మెత్తగ, సాఫుగ ఉన్నయి.

"చూడు. నా వేలికి ఒక్క మచ్చ లేదు. ఇప్పుడు లోపలికి పోయి నీ పిల్లల వేళ్ళు చూడు. టీము ఎవరు పెట్టిండ్రు? నువ్వు. ఇల్లు ఎవరిది? అమ్మది. బొట్టు ఎవరిది? అమ్మది. పోలీసులు వస్తే ఎవరి చేతులు చూస్తరు? ఆ పిల్లల తల్లిదండ్రులు ఎవరి గల్లా పట్టుకుంటరు? బిడ్డా, నేను నీ మంచికే చెప్తున్న."

'బిడ్డా' అన్నడు. నేను పిలిచే మాటనే.

"అమ్మా, బజ్జీలు చల్లారుతయి" అని పొట్లం తీసుకొని రేకుల అర్రలకు పోయిండు. లోపల పిల్లలు "సార్! సార్!" అని ఒక్కటే లొల్లి. బండిని ఆయన బూటు చుట్టూ తిప్పుతున్నరు.

* * *

నేను అర్ర దిక్కు అడుగేసిన. భాగ్యశ్రీ నా కొంగు పట్టుకొని ఆపింది.

"యాడికి?"

"సారుకు చెప్పొద్దా బిడ్డా? బొట్టు చెరుపుమని చెప్పొద్దా? అవి ఒంటి మీద పెట్టుకున్నరు!"

"చెప్తే ఏమైతది? తడిబట్టతోని తుడిపిస్తడు, అంతే. ఆదివారం వాళ్ళంత బేఫికర్‌గ రాస్తరు. మళ్ళ పరీక్షకు మళ్ళ డబ్బ అడుగుతడు. మా చేతులు జన్మంత వాని చేతిల ఉంటయి." దాని గోర్లు నా ముంజేతిల దిగుతున్నయి. "చెప్పకపోతే అవి వాటంతట అవే చెడిపోతయి. వాని మాట ఇంకెవ్వడు నమ్మడు. మన పిల్లల పేరు బయటికి రాకుండ అంతా ఆగిపోతది. నానమ్మా, నీ కాళ్ళు మొక్కుత. ఒక్క మూడు దినాలు నోరు మూసుకో."

"చెడిపోయేది బిళ్ళ ఒక్కటే అయితే మూసుకుందును. కురుమయ్య ఛాతి నువ్వు చూడలే."

"వాళ్ళు దొంగతనం చేస్తున్నోళ్ళు."

"దొంగలకు సుత తోలు ఉంటదే."

అన్న గని కాలు కదలలే. నిజం చెప్పాలంటే నేను సుత లెక్కలు వేసిన. ఒక దిక్కు మొకం తెల్వని ఎవరో పిలగాండ్లు. ఇంకో దిక్కు నా మనుమరాలు, లోపల నవ్వుతున్న ఆ పసిమొకాలు, వేళ్ళ మీద వాళ్ళ మచ్చలు. తల్లి తన పిల్లను ఒడిల దాసుకున్నప్పుడు మందిపిల్ల యాద్కి రాదు. జర కాలుతరు, కాలితే విప్పి పారేస్తరు, బుద్ధి వస్తది, కురుమయ్య చచ్చిపోలేదు కద అని నాకు నేనే చెప్పుకున్న. కురుమయ్య సుత విప్పలేదు, ఒర్రకుండ కూసున్నడన్న సంగతి మనసుల మెదిలింది. దాన్ని అటు తోసేసిన. సరే అన్నట్టు తల ఊపిన. భాగ్యశ్రీ నా కొంగు విడిచింది.

అర్రల పల్లవి ఫోను మోగింది.

బజ్జీ చేతిలనే పట్టుకొని బయటికి వచ్చింది, లోపల లొల్లికి ఇనబడ్తలేదని. "ఆఁ, చెప్పమ్మా... ఏంటీ?... అన్నయ్యా? నిద్రపోయాడేమో, గట్టిగా కొట్టు... ఎంతసేపటి నుంచీ?" దాని నవ్వు మెల్లగ దిగిపోతున్నది. "సార్ చెప్పారమ్మా, మూడు గంటల పరీక్షలాగా కదలకుండా కూర్చుని ప్రాక్టీస్ చెయ్యమని. ఎవరు పిలిచినా పలకొద్దన్నారట. అందుకే లోపల గడియ... ఏం వాసన?"

భాగ్యశ్రీ గోడ పట్టుకున్నది.

పల్లవి ఫోను చెవి నుంచి జర దూరం జరిపి మా దిక్కు చూసింది. చిన్నపిల్ల కండ్లు, ఇంకా భయం పూర్తిగ ఎక్కలేదు.

"అమ్మమ్మగారూ, అన్నయ్య తలుపు తియ్యట్లేదట. వాడి గదిలోంచి ఏదో కాలుతున్న వాసన వస్తోందట. వంటింట్లో పొయ్యి మీద ఏమీ లేదంటోంది అమ్మ."

వాళ్ళన్న పేరు ఫణికిరణ్. నవమి నాడు పల్లవిని తోలుకపోనీకి వచ్చి, నా ముంగట తల వంచి, "నాకూ పెట్టండి అమ్మమ్మగారూ" అని నుదుటన బొట్టు పెట్టించుకొని పోయిండు.

లోపల సారు నవ్వుతున్నడు. నేను నా ఉంగరం వేలు చూసుకున్న. పొద్దున దీపం కాడ అంటుకున్న కుంకుమ ఇంకా పోలేదు.